చట్టంలో లేని వియ్యంకుడు

ధర్మసంస్థల్లో కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడూ నా దగ్గరికి వస్తుంటారు. కంపెనీల చట్టం ఏ పుస్తకం చదివితే అర్థమవుతుందండీ అని అడుగుతారు. పుస్తకం పేరు చెప్తాను. కాగితాలు ఏ వరసలో పెట్టుకోవాలో కూడా చెప్తాను. కానీ నా సర్వీసులో ఒకసారి కాగితాలన్నీ సరిగ్గా ఉండి కూడా జరగకూడనిది జరిగింది. అది ఎవరి పనో నాకు ఇప్పటికీ తేలలేదు. ఆ సంగతి చెప్పకుండా పుస్తకం పేరొక్కటే చెప్పి పంపడం సగం సలహాలా ఉందని ఇది రాస్తున్నాను.

నేను రాజమండ్రిలో ఒక కంటి ఆసుపత్రిలో ఆఫీసు మేనేజరుగా పనిచేసి రిటైరయ్యాను. పేరుకి అది కంపెనీయే గానీ లాభం పంచుకోకూడని కంపెనీ. నలుగురు పెద్దమనుషులు ప్రజల మేలు కోసం పెట్టి, ప్రభుత్వం దగ్గర లైసెన్సు తీసుకుని నడిపేది. అందులో సభ్యుడైనవాడు జీతం తీసుకోకూడదు. లాభం మిగిలితే ఇంటికి పట్టుకెళ్ళకూడదు. వచ్చిందంతా మళ్ళీ జనం కళ్ళకే ఖర్చవ్వాలి. గోదావరి మధ్య లంక గ్రామాల్లో వారం వారం శిబిరాలు పెట్టి, శుక్లాలు ఉన్నవాళ్ళని మా బస్సులో తీసుకొచ్చి, ఉచితంగా ఆపరేషన్ చేసి, మళ్ళీ రేవు దాకా దింపేవాళ్ళం.

నేను పెద్దగా చదువుకోలేదు. ఇంటర్ తర్వాత సామర్లకోటలో మా నాన్నగారి కిరాణా కొట్లో కూర్చున్నాను. ఆ తర్వాత ఈ ఉద్యోగం దొరికింది. చదువంతా రాజమండ్రి గ్రంథాలయంలోనే. సాయంత్రం ఆఫీసు కట్టేశాక పేపర్లు చదివే పెద్దాయనల పక్కన కూర్చుని, నిఘంటువు ఒక మోకాలి మీద, చట్టం పుస్తకం ఇంకో మోకాలి మీద పెట్టుకుని చదివేవాణ్ణి. కంపెనీల చట్టం పుస్తకం తీసుకున్న మొదటి పాఠకుణ్ణి నేనేనని లైబ్రేరియన్ గారు చెప్పినప్పుడు ఆ రాత్రి అన్నం సహించలేదు, సంతోషంతో. ఆ గర్వం ఇప్పటికీ ఉంది, దాచుకోను.

మా పాత కార్యనిర్వాహక డైరెక్టరు గారికి పక్షవాతం వచ్చి మంచం పట్టారు. ఆసుపత్రి ఆగకూడదు కాబట్టి మా సీనియర్ డాక్టరు మేడమ్‌కి ఇన్‌చార్జి ఇచ్చారు. ద్రాక్షారామం దగ్గర పల్లెటూరు ఆవిడది. పొద్దున్నంతా ఆపరేషన్లు చేసి, మధ్యాహ్నం మొహం మీద మాస్కు తాళ్ళ గీతలతోనే ఆఫీసుకొచ్చి, నిలబడే పెరుగన్నం తినేసి, సంతకాలకి కూర్చునేది. జీతం పెంచమని ఒక్కసారి కూడా అనలేదు. కాకినాడలో పెద్ద ఆసుపత్రివాళ్ళు పిలిస్తే వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదో అందరికీ తెలుసు. పూర్తి డైరెక్టరు అయితే శిబిరాల్ని ఏజెన్సీ కొండ గ్రామాల దాకా తీసుకెళ్ళాలని ఆవిడ కోరిక. ఇన్‌చార్జికి ఆ అధికారం లేదు. ఆ కుర్చీ ఆవిడకి వస్తుందా రాదా అన్నదే ఆ ఏడాది మా ఆసుపత్రిలో ఆయా దగ్గర్నుంచి అందరి నోటా ఉన్న మాట.

బోర్డులో నలుగురు. చైర్మన్ గారు బట్టల హోల్‌సేల్ వ్యాపారి. కోశాధికారి గారికి ఎరువుల డీలర్‌షిప్ ఉండేది. హైస్కూల్లో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన టీచర్ గారు ఒకరు. నాలుగో ఆయన పెద్ద డాక్టరు గారు, మా ఆసుపత్రిలో మొదటి ఆపరేషన్ చేసినాయన, అప్పటికి బాగా వృద్ధులు. నలుగురూ మంచివాళ్ళే. ఈ మాట నేను మనస్ఫూర్తిగానే అంటున్నాను. అదే నా ఇబ్బంది కూడా.

నా అనుమానం ఆ పోస్టుకి ఇచ్చిన పేపరు ప్రకటనతో మొదలైంది. నేను రాసిచ్చిన ప్రకటనలో 'ఆసుపత్రి నిర్వహణలో అనుభవం' అని ఉంది. అచ్చులో 'పెద్ద సంస్థ నిర్వహణలో అనుభవం' అని వచ్చింది. చైర్మన్ గారిని అడిగాను.

"నేనే మార్చానండి. గేటు అంత ఇరుగ్గా పెడితే ఎవరొస్తారు? నలుగురు రావాలి కదా, చూసుకుని తీసుకోవాలి," అన్నారు.

వచ్చింది నలుగురు కాదు. మేడమ్ దరఖాస్తు కాకుండా పనికొచ్చేది ఒక్కటే. జంగారెడ్డిగూడెం వైపు పామాయిల్ ఫ్యాక్టరీలో జనరల్ మేనేజరుగా చేసినాయన. ఎవరా అని ఆరా తీస్తే, చైర్మన్ గారి వియ్యంకుడికి సొంత తమ్ముడు. వరసకి ఆయనా వియ్యంకుడే. చైర్మన్ గారికి ఒక్కతే కూతురు, ఆ ఇంటి పెద్ద కోడలు. ఇంకేం కావాలి? గేటు ఎవరికోసం వెడల్పు చేశారో నాకు అర్థమైపోయిందనుకున్నాను.

మర్నాడే గ్రంథాలయానికి వెళ్ళాను. కంపెనీల్లో బంధువుల్ని జీతం మీద పెట్టుకునేటప్పుడు కొన్ని కట్టుబాట్లున్నాయి. బంధువు అంటే ఎవరో చట్టం ఒక్కొక్కరినీ పేరుపెట్టి చెప్తుంది. భార్యాభర్తలు, తల్లిదండ్రులు, కొడుకు, కోడలు, కూతురు, అల్లుడు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, ఉమ్మడి కుటుంబంలో సభ్యులు. అక్కడితో సరి. పేజీ తిప్పాను. సవరణలు చూశాను. నిఘంటువులో కూడా వెతికాను. వియ్యంకుడు ఎక్కడా లేడు. వియ్యంకుడి తమ్ముడి సంగతి చెప్పేదేముంది.

కోశాధికారి గారి కొట్టుకి వెళ్ళి ఈ సంగతి చెప్పాను. ఆయన యూరియా బస్తాల మీద చెయ్యి వేసి నిలబడిపోయారు.

"వియ్యంకుడు చుట్టం కాదా? ఊరుకోండి సార్!"

"చట్టం ప్రకారం కాదండి. మేనమామ కూడా కాదు. బావమరిది కూడా కాదు."

"బావమరిది కూడానా? ఏవండోయ్, ఈ చట్టం రాసినాయనకి పెళ్ళి కాలేదండీ. అయ్యుంటే అలా రాయడు."

"నవ్వులాట కాదండీ. చైర్మన్ గారు ఓటు వేసి మరీ ఆయన్ని తెచ్చుకోవచ్చు. ఆపడానికి మన దగ్గర ఏమీ లేదు."

"ఆపడం ఎందుకండీ, మేమున్నాం కదా ముగ్గురం. మేడమ్‌కి కాకపోతే ఎవరికిస్తాం? మీరు నిశ్చింతగా ఉండండి," అన్నారు.

టీచర్ గారూ అదే మాట అన్నారు. పెద్ద డాక్టరు గారైతే "ఆ అమ్మాయి చెయ్యి నేను దిద్దిన చెయ్యి" అన్నారు. ముగ్గురు అటు, ఒకరు ఇటు. లెక్క ప్రకారం అనుమానం అక్కర్లేదు. అయినా నాకు నిద్ర పట్టేది కాదు. చైర్మన్ గారికి కూడా లెక్క వచ్చు కదా, ఓడిపోయే బేరానికి ఆయన గేటు ఎందుకు వెడల్పు చేస్తారు?

ఇలాంటి నియామకానికి చట్టం అడిగేవి మరీ ఎక్కువేం కావు. మీటింగుకి ముందుగా నోటీసు ఇవ్వాలి. డైరెక్టరయ్యే మనిషికి గుర్తింపు సంఖ్య ఉండాలి. నాకు సమ్మతమేనని, నా మీద ఏ అనర్హతా లేదని రాసివ్వాలి. మన సంస్థలో సభ్యుడైతే జీతం తీసుకోకూడదు కాబట్టి అది చూసుకోవాలి. బోర్డు తీర్మానం చేశాక రిజిస్ట్రారుకి తెలపాలి, ఆపైన సర్వసభ్య సమావేశం ఖాయం చెయ్యాలి. ఇద్దరి కాగితాలూ తీసుకుని ఒక్కొక్కటే చూశాను. ఆయన కాగితాల్లో లోపం దొరుకుతుందేమోనని ఆశగా చూశానని చెప్పాలి. దొరకలేదు.

మా బోర్డుకి ఒక ఆనవాయితీ ఉండేది. మీటింగు రోజు పొద్దున్న డైరెక్టర్లందరూ చైర్మన్ గారింట్లో టిఫిన్ చేసేవారు. పెసరట్టు, ఉప్మా, కాఫీ. అసలు మాటలన్నీ అక్కడే అయిపోయేవి. తర్వాత ఆసుపత్రికొచ్చి పెట్టే మీటింగులో ఎవరూ గొంతు పెంచింది లేదు. పదిమందిలో కాదనడం మాకు చేతకాదు. కాదనాల్సింది ఉంటే టిఫిన్ దగ్గరే, రెండో అట్టు వద్దన్నట్టుగా మెల్లిగా అనేస్తాం. నన్ను కూడా ఎప్పుడూ టిఫిన్‌కి పిలిచేవారు.

ఆ రోజు వెళ్ళేసరికి వడ్డిస్తున్నది వంటావిడ కాదు. చైర్మన్ గారి అమ్మాయి. ముందురోజే అత్తారింటి నుంచి వచ్చిందట.

"టీచర్ గారూ, మీరు అల్లం పచ్చడి వేసుకోలేదు. నా చేత్తో చేశానండి," అంటోంది. ఆ పిల్ల టీచర్ గారి దగ్గరే చదువుకుంది.

"ఎన్నాళ్ళుంటావమ్మా?" అన్నారు టీచర్ గారు.

"రేపే వెళ్ళిపోతానండి. అక్కడ మా మామయ్యగారికి నేను లేకపోతే గడవదు," అని నవ్వింది.

మామయ్యగారు అన్న మాట దగ్గర కోశాధికారి గారు తల వంచుకుని ఉప్మా తిన్నారు. నేను అందరి మొహాలూ చూస్తున్నాను. నియామకం సంగతి ఒక్కరూ ఎత్తలేదు. చైర్మన్ గారు ఎత్తలేదు, వాళ్ళూ ఎత్తలేదు. టిఫిన్ దగ్గర మాట తేలకుండా మీటింగుకి లేవడం నా సర్వీసులో అదే మొదలు. అమ్మాయిని ఆయనే రప్పించారా? లేక వియ్యంకుడు పంపించాడా? లేక పుట్టింటికి ఊరికే వచ్చిందా? చెయ్యి కడుక్కుంటూ కూడా ఇదే ఆలోచన.

మీటింగు మొదలైంది. మా గదికి సగం అద్దం, సగం చెక్క తలుపు. అద్దంలోంచి వరండాలో రోగుల బెంచీ కనిపిస్తుంది. ఈ అంశం రాగానే చైర్మన్ గారు నా వైపు తిరిగారు.

"మేనేజరు గారూ, చట్టం చదివారు కదా. ఈ దరఖాస్తుదారు నాకు చుట్టమేనా?"

"చట్టం ప్రకారం కాదండి."

"అయితే నేను ఇక్కడ కూర్చుని ఓటు వెయ్యొచ్చు."

"వెయ్యొచ్చండి."

ఆయన లేచారు. "చట్టం ఏమన్నా ఊరు మాత్రం చుట్టమే అంటుంది. నేనుంటే బాగోదు. మీరు ముగ్గురూ మీకు తోచింది చెయ్యండి. నేనేమీ అనుకోను." కండువా సర్దుకుని బయటికి వెళ్ళి, కళ్ళకి కట్టు కట్టుకున్న ముసలమ్మల పక్కన బెంచీ మీద కూర్చున్నారు. అద్దంలోంచి ఆయన వెనక భాగం, కండువా అంచు కనిపిస్తున్నాయి.

నా అనుమానమంతా నీరుగారిపోయింది. చట్టం అడగని మర్యాద కూడా పాటించాడీయన అనుకున్నాను. ఇంక మేడమ్ పేరు రాయడమే ఆలస్యం అన్నట్టు కలం తీశాను.

పెద్ద డాక్టరు గారు అద్దం వైపు చూశారు. టీచర్ గారూ చూశారు. చివరికి కోశాధికారి గారు గొంతు సవరించుకున్నారు.

"ఆయన ఇక్కడ కూర్చునుంటే కాదని ఉండేవాళ్ళమండి. లేచి వెళ్ళిపోయారు. అంత పెద్దమనిషి మనమీద వదిలేసి బయట బెంచీ మీద కూర్చుంటే, ఇప్పుడు కాదంటే ఏం బాగుంటుంది చెప్పండి?"

"డాక్టరమ్మ ఉంది కదా," అన్నారు టీచర్ గారు, మెల్లిగా.

"ఉందండి, ఎవరు కాదన్నారు? ఆవిడ మన మనిషి. ఏమీ అనుకోదు. అవతల ఆడపిల్ల వియ్యాలవారింట్లో కాపరం చేసుకుంటోంది. పొద్దున్న ఆ పిల్ల చేత్తో తిని వచ్చామండీ."

టీచర్ గారు కొంగుతో కళ్ళజోడు తుడుచుకున్నారు.

పెద్ద డాక్టరు గారు, "పైగా ఆఫీసు పని నెత్తినేసుకుంటే ఆ అమ్మాయికి ఆపరేషన్లు తగ్గిపోతాయి. చెయ్యి పాడవుతుంది," అన్నారు. ఆవిడ మంచికే చెప్తున్నట్టు చెప్పారు. అలా చెప్తున్నప్పుడు నిజంగానే నమ్మారనుకుంటాను. తర్వాత నా వైపు చూశారు. "చట్టపరంగా అడ్డేమైనా ఉందా మేనేజరు గారూ?"

ఉంటే బాగుండునని ముగ్గురి కళ్ళూ అడుగుతున్నాయి. ఆ చూపు నేను మర్చిపోలేను. ఏదో ఒక అడ్డు నేను చెప్తే ఆ నెపం చట్టం మీద పెట్టేసి హాయిగా మేడమ్ పేరు రాసేసేవారు. ఇన్నేళ్ళు గ్రంథాలయంలో కూర్చుని చదివిన చట్టంలో వాళ్ళకి ఇవ్వడానికి నా దగ్గర ఒక్క అక్షరం లేదు.

"లేదండి," అన్నాను.

ఏకగ్రీవం.

చైర్మన్ గారిని పిలవడానికి వరండాలోకి వెళ్ళాను. పక్కనున్న ముసలమ్మ ఆయన్ని కాంపౌండరు అనుకుని మందుచుక్కలు ఎప్పుడెప్పుడు వేసుకోవాలో అడుగుతోంది. ఆయన ఓపిగ్గా చెప్తున్నారు.

"అయిందా?"

"అయిందండి. మీ వియ్యంకుడు గారి తమ్ముడికే. ఏకగ్రీవం."

ఆయన వెంటనే లేవలేదు. "ముగ్గురూనా?"

"ముగ్గురూనండి."

"టీచర్ గారు కూడానా?" గొంతు బాగా తగ్గించారు. "వాళ్ళు కాదంటారనే కదండీ నేను బయటికొచ్చింది! నేను కాదనలేక వచ్చాను. బోర్డు ఒప్పుకోలేదు బావగారూ, నేను అసలు ఆ గదిలోనే లేను అని వియ్యంకుడికి చెప్పుకుందామనుకున్నాను."

"ఆ మాట పొద్దున్న టిఫిన్ దగ్గర అనుంటే సరిపోయేది కదండీ."

"ఎలా అంటానండీ? అమ్మాయి వడ్డిస్తోంది."

"పోనీ ఇప్పుడు చెప్పండి. తీర్మానం మీద ఇంకా సంతకాలు కాలేదు. మళ్ళీ చర్చకి పెట్టొచ్చు. చట్టంలో ఏమీ తప్పు లేదు."

ఆయన ఒక క్షణం నావైపు చూశారు. ఆ క్షణంలో ఒప్పుకుంటారనే అనుకున్నాను. ఈలోగా తలుపు తెరుచుకుంది. కోశాధికారి గారు చేతులు జోడించుకుని, "రండి రండి, శుభమండీ!" అంటూ వచ్చేశారు. చైర్మన్ గారి మొహం మీదికి నవ్వు వచ్చింది. ఎంత చప్పున వచ్చిందంటే, అంతసేపూ లోపల తయారుగా పెట్టుకున్నారా అని నాకు మళ్ళీ అనుమానం పుట్టింది. "మీ అందరి దయండి," అంటూ లోపలికి నడిచారు. సంతకాలు అయిపోయాయి.

మేడమ్‌కి చెప్పే పని నామీదే పడింది. ఆపరేషన్ గది బయట చేతులు కడుక్కుంటోంది.

"ఎవరైనా నా పేరు ఎత్తారా అండీ?"

"టీచర్ గారు ఎత్తారు మేడమ్. ఒక్కసారి."

కుళాయి కట్టేసి చేతులు పైకెత్తి పట్టుకుంది. "సరేనండి. ఈ రోజు లంకల నుంచి వచ్చినవాళ్ళు బస్సులో ఉన్నారట. కిందికి దింపి కాస్త టీ ఇప్పించండి," అని మోచేత్తో తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

కొత్తాయన వచ్చారు. చెడ్డవాడని చెప్పలేను. టైముకి వచ్చేవారు, ఎవరి మీదా నోరు పారేసుకునేవారు కాదు. కాకపోతే ఫ్యాక్టరీలో పామాయిల్ గెలల్ని లెక్కపెట్టినట్టు కళ్ళని లెక్కపెట్టేవారు. లంకలకి బస్సు, పడవ, మనుషులు, ఇంత తతంగం ఎందుకు, కావాల్సినవాళ్ళే వస్తారన్నారు. వారం వారం పెట్టే శిబిరాలు నెలకొకటి అయ్యాయి, తర్వాత పండగలకీ పబ్బాలకీ మిగిలాయి. సర్వసభ్య సమావేశం చేతులెత్తి ఆయన్ని ఖాయం చేసింది. రిజిస్ట్రారు ఆఫీసు నుంచి ఒక్క ప్రశ్న కూడా రాలేదు. మేడమ్ కొన్నాళ్ళు చూసి, సామర్లకోటలో చిన్న క్లినిక్ పెట్టుకుని వెళ్ళిపోయింది.

చైర్మన్ గారు వరండాలో అన్న మాట నిజమా, లేక ఓడినవాణ్ణి ఊరడించినట్టు నాకోసం అన్నదా? చాలా ఏళ్ళు సగం నమ్మాను, సగం నమ్మలేదు. ఆయన లేచి వెళ్ళడం వల్లే ఆ ముగ్గురూ లొంగిపోయారు. అలా లొంగుతారని నలభై ఏళ్ళు ఈ ఊళ్ళో బేరాలు చేసినాయనకి తెలియదా? కానీ ఆ బెంచీ మీద 'టీచర్ గారు కూడానా' అని అడిగిన గొంతు నటించిన గొంతులా లేదు, అది నా చెవులారా విన్నాను. ఆయన కాలం చేశాక ఇంక అడిగే వీలూ లేకపోయింది.

మొన్నామధ్య నా కుడికంటికి శుక్లం ముదిరితే సామర్లకోట వెళ్ళాను. ఇంకెవరి దగ్గరా చూపించుకోబుద్ధి కాలేదు. మేడమ్ జుట్టు నెరిసింది. నన్ను బల్ల మీద పడుకోబెట్టి, కంటిపాపని పెద్దది చేసే చుక్కలు వేస్తోంది. చుక్కలు పనిచేసేదాకా ఊరికే ఉండాలి కదా, వరండాలో చైర్మన్ గారు అన్న మాట మొదటిసారి ఆవిడకి చెప్పాను.

ఆవిడేమీ ఆశ్చర్యపోలేదు.

"నిజమే అయ్యుంటుందండి. ఆయన మనసులో నేనే ఉన్నాను. నాకు ముందే చెప్పారు."

"ఏం చెప్పారు?"

"మీటింగుకి వారం ముందు పిలిచి, 'ఆ పోస్టు మీదేనమ్మా, నిశ్చింతగా ఉండండి. బోర్డులో ఎవరింటికీ వెళ్ళి అడగొద్దు, మీ స్థాయికి బాగోదు' అన్నారు. అందుకే నేను టీచర్ గారింటికి కూడా వెళ్ళలేదు. వెళ్ళి ఒక్క మాట అడిగుంటే ఆవిడ నాకోసం గట్టిగా నిలబడేదేమో. పాపం ఆయన నా మర్యాదే చూశారు."

నేను లేచి కూర్చోబోయాను. ఆవిడ భుజం మీద చెయ్యి వేసి మళ్ళీ పడుకోబెట్టింది.

"ఏంటండీ, ఇంకా అనుమానమేనా మీకు?" అని నవ్వింది. "కదలకండి. ఇంకో చుక్క వెయ్యాలి. పైకి చూడండి."

పైకి చూశాను. అప్పటికే చుక్కలు పనిచేస్తున్నాయి. నామీదికి వంగిన ఆవిడ మొహం నాకు సరిగ్గా ఆనలేదు. ఆ నవ్వు నమ్మి నవ్విందో, నమ్మకపోతే బతకలేక నవ్విందో చెప్పలేను.